ప్రైమర్ తేలని సోమలింగం

ఉత్త రేకు కనబడితే సోమలింగం కాళ్లు అక్కడే ఆగిపోయేవి. రంగు ఊడిన కారు తలుపు కావచ్చు, చిలుము పట్టిన గేటు కావచ్చు, సిటీ బస్సు వెనక పెచ్చు లేచిన మూల కావచ్చు, దాని ముందు నిలబడి తల ఓ పక్కకు వంచి, దీనికి ఏ ప్రైమర్ కొట్టాలా అని ఆలోచనలో పడేవాడు. ఆ ఆలోచన గంటలో తెమిలేది కాదు. రోజుల్లో తెమిలితే ఆ కారు యజమాని అదృష్టవంతుడు.

సూరత్‌లో కార్లకు రంగులేసేవాళ్లకు కొదవ లేదు. ఖటోదరాలో ఒక్క గల్లీలోనే తొమ్మిది షెడ్లు. ఎనిమిదింటిలో కారు సోమవారం ఇస్తే శనివారానికి మెరుస్తూ బయటికొస్తుంది. తొమ్మిదోది సోమలింగానిది. అక్కడ కారు సోమవారం ఇస్తే, ఏ సోమవారమో తర్వాత మనకే గుర్తుండదు.

"రంగు మీ ఇష్టం సారూ. ఎర్రది అంటె ఎర్రది, పచ్చది అంటె పచ్చది. కింద ప్రైమర్ మాత్రం నన్ను అడగొద్దు, తొందర పెట్టొద్దు" అనేవాడు.

ప్రైమర్ అంటే రంగుకు ముందు రేకు మీద కొట్టే తొలిపూత. పైన రంగు నిలవాలన్నా, కింద రేకు చిలుము పట్టకుండా ఉండాలన్నా అదే ఆధారం. రంగు వేశాక అది ఎవరి కంటికీ కనబడదు. ఎవరికీ కనబడని ఆ పూత కోసం ఆ మనిషి తిండి మానేసేవాడు.

నేను సూరత్ మున్సిపాలిటీ తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సోమలింగం పిల్లలిద్దరూ నా దగ్గరే అక్షరాలు దిద్దారు. ఆయన సంగతులు ఎన్నిసార్లు చెప్పినా నవ్వొస్తుంది. ఒక్కచోటికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాదు. అక్కడ తప్పు నాది. దాన్ని కూడా చెబుతాను. దాచిపెట్టి మిగతాదంతా చెప్పడం న్యాయం కాదు.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పదహారేళ్లకే మరమగ్గం నడపడానికి వచ్చాడు సోమలింగం. కార్ఖానా పక్కనే ఒక పెయింటర్ షెడ్డు ఉండేది. టీ తాగడానికి బయటికొచ్చిన ప్రతిసారీ అక్కడే నిలబడిపోయేవాడు. ఓసారి టీకి వెళ్లి మూడు గంటలు రాలేదు. మగ్గం మేస్త్రీ వెతుక్కుంటూ వెళ్లి చూస్తే, మనవాడు ఫియట్ కారు బానెట్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడట. "ఇగ నువ్వు గీన్నే ఉండు" అని మేస్త్రీ వదిలేసి వచ్చాడు. సోమలింగం ఆ మాటను అక్షరాలా పాటించాడు.

మొదటిసారి నేను షెడ్డుకు వెళ్లినప్పుడు మూడు డబ్బాలు వరసగా పెట్టి నాకు పాఠం చెప్పాడు.

"ఇది రెడాక్సైడ్ సారూ. అగ్గువ. ఇంటి గేటుకు సాలు. కని నీళ్లు పీలుస్తది. సూరత్ వానలకు మూడేండ్లల్ల లోపట్నుంచి ఉబ్బుతది. ఇది ఎచింగ్ ప్రైమర్. దీంట్ల ఆసిడ్ ఉంటది, రేకును కొరికి పట్టుకుంటది. పట్టు మంచిదే, కని పల్చన. దీని మీద ఇంకో పూత పడాలె. ఇది ఇపాక్సీ. రెండు డబ్బాలు కలిపి కొట్టుడు. నీళ్లను లోపటికి రానియ్యది."

"అయితే ఎచింగ్ కొట్టి, దాని మీద ఇపాక్సీ కొట్టు. రెండూ ఉంటయి గద" అన్నాను, తెలివిగా.

సోమలింగం నన్ను జాలిగా చూశాడు. "ఇద్దరు తోడికోడండ్లను ఒక్క పొయ్యి కాడ నిలబెట్టినట్టు అయితది సారూ. ఆ ఆసిడ్ కు ఇపాక్సీకి పడదు."

"మరి నా బండికి ఏది?"

"ఇంక తేలలే."

ఆ "ఇంక తేలలే" అన్న మాట సూరత్‌లో కారున్న తెలుగువాళ్లందరికీ తెలుసు. ఎవరింట్లోనైనా ఏ పనైనా ఆలస్యమైతే, "ఏందయ్యా, సోమలింగానికి ఇచ్చినవా?" అనుకునేవాళ్లం.

ఒక చీరల శేఠ్ కొడుకు నిశ్చితార్థం ఎల్లుండి అనగా తన తెల్ల కారు తెచ్చి ఇచ్చాడు. సోమలింగం ముందు రంగంతా గీకేశాడు. తర్వాత స్టూల్ వేసుకుని శేఠ్‌ను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"శేఠ్, ఇత్వార్ కో డుమస్ జాతే హో?"

డుమస్ అంటే సముద్రపు ఒడ్డు. ప్రతి ఆదివారం వెళ్తామన్నాడు శేఠ్.

"గాడీ రేతీ మే ఖడీ కర్‌తే హో?"

ఇసుకలోనే ఆపుతామన్నాడు.

"భజియా ఖాకే హాథ్ ధోతే హో?"

"అరే భాయ్!" అని శేఠ్ స్టూల్ మీద నుంచి లేచాడు. రంగు వెయ్యమంటే తన చేతుల గొడవ ఎందుకని ఆయన కోపం. "తూ కలర్ మార్ నే! మేరా హాథ్ కాయ్‌కో పూఛ్‌తా హై?"

సముద్రపు ఉప్పుగాలి, ఇసుక, బజ్జీలు తిని కడుక్కోని నూనె చేతులతో తలుపు తెరవడం, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలంటాడు సోమలింగం. నిశ్చితార్థానికి శేఠ్ ఆటోలో వెళ్లాడు. పెళ్లికి కూడా ఆటోలోనే వెళ్లాడు. కానీ ఆరేళ్లయినా ఆ కారు మీద ఆవగింజంత చిలుము లేదు. ఆ శేఠ్ తన చుట్టాలందరినీ సోమలింగం దగ్గరికే పంపుతాడు. పంపేటప్పుడు ఒక్క మాట చెబుతాడట: "ఇంట్లో శుభకార్యం లేనప్పుడు ఇవ్వండి."

ఇంట్లో కూడా ఇదే గోల. ఒక దసరాకు ఇనప బీరువాకు రంగేస్తానని బట్టలన్నీ బయట పెట్టించాడు. రేకు తేలేదాకా గీకాడు. అక్కడితో ఆగిపోయాడు. సంక్రాంతి వెళ్లింది, హోలీ వెళ్లింది. బట్టలు మూటల్లోనే ఉన్నాయి. ఆయన భార్య లలితమ్మ ఒకసారి మా ఇంటికొచ్చి మా ఆవిడ పద్మారాణి ముందు వాపోయింది.

"నన్ను జూసుకునేటందుకు వచ్చిననాడు పావుగంటల ఒప్పుకున్నడు పద్మక్కా. బీరువాకు ఆర్నెల్లాయె, ఇంక తేలలేదట!"

ఇంకొకటి, ఉత్త రేకును చేత్తో ముట్టుకోనిచ్చేవాడు కాదు. షెడ్డులో గీకిన కారు చుట్టూ తాడు కట్టేవాడు. తాను చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా దగ్గరికి వెళ్లడు. నేనొకసారి తాడు దాటి బానెట్ మీద చెయ్యి వేశాను. మూడో రోజున ఫోన్ చేసి పిలిపించాడు. వెళ్లి చూస్తే బానెట్ మీద అయిదు గోధుమరంగు మచ్చలు.

"ఏంది సోమలింగం ఇవి?"

"మీ ఏళ్లే సారూ. చెమటల ఉప్పుంటది గద. మీరు పోయిండ్రు, మీ చెయ్యి గీన్నే ఉన్నది."

2020 మార్చి నెలాఖరుకు దేశమంతా మాస్కులు కట్టుకుని, తొడుగులు వేసుకుని, "ముట్టొద్దు, దూరం ఉండు" అనడం మొదలుపెట్టింది. అందరూ బెదిరిపోయి ఉంటే సోమలింగం ఒక్కడే తృప్తిగా కనిపించాడు. "ఇరవై ఏండ్ల సంది మొత్తుకుంటున్న సారూ. ఇప్పటికి సమజైంది జనానికి" అన్నాడు.

లాక్‌డౌన్‌లో మనవాళ్లు చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. సోమలింగం కదల్లేదు. షెడ్డులో మూడు కార్లు గీకి ఉన్నాయి. వాటిని వదిలి ఎట్ల పోవాలన్నాడు. రేకు ఉత్తగా ఉంటే సూరత్ తేమకు రెండు రోజుల్లో చిలుము పడుతుంది. అందుకని రోజూ పొద్దున పర్వత్ పాటియాలోని ఇంటి నుంచి ఖటోదరాకు నడిచి వెళ్లి వాటిని తుడిచి వచ్చేవాడు. దారిలో పోలీసులు ఆపారు.

"కహా జా రహా హై?"

"సాబ్, ఉధర్ నంగా పడా హై."

"కౌన్ నంగా పడా హై?"

"మారుతీ, సాబ్."

పోలీసులు కంగారుపడ్డారు. మారుతి అనే మనిషెవరో బట్టల్లేకుండా పడి ఉన్నాడనుకుని ఇద్దరు కానిస్టేబుళ్లు సోమలింగాన్ని బండెక్కించుకుని షెడ్డుకు తీసుకొచ్చారు. తాళం తీసి చూస్తే కారు. ఒకాయన లాఠీ ఎత్తాడు గానీ, నవ్వాపుకోలేక దించేశాడు. సోమలింగం ఇద్దరికీ చెరో పెయింటర్ మాస్కు ఇచ్చి, "ముక్కు బయట పెట్టొద్దు సాబ్" అని హిందీలో బుద్ధి చెప్పి పంపాడు. ఆ తర్వాత ఆ పోలీసు నాకాలో ఆయన్ను ఎవరూ ఆపలేదు. "మారుతీ కైసా హై?" అని అడిగి వదిలేసేవారు.

ఇక నా కారు సంగతి.

నాది పాత మారుతీ 800. నీలం రంగు. 2006లో తాపీ నదికి వరదలొచ్చినప్పుడు మూడు రోజులు నీళ్లలో నానింది. అప్పటి నుంచి చక్రాల పైన రంగు పొక్కుతూనే ఉంది. 2021 మార్చిలో, హోలీకి వారం ముందు, ధైర్యం చేసి సోమలింగానికి ఇచ్చాను. కరోనా తగ్గిందని అందరం అనుకుంటున్న రోజులవి.

వారంలో మొత్తం గీకేశాడు. తర్వాత నేను ఫోన్ చేసినప్పుడల్లా అదే జవాబు.

"ఏమైంది సోమలింగం?"

"ఇంక తేలలే సారూ."

ఏప్రిల్ వచ్చింది. రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిగా తగిలింది. దవాఖానాల ముందు బారులు తీరాయి. పద్మారాణికి ఎప్పటినుంచో ఉబ్బసం. రేపు ఆమెకేమైనా అయితే బండెక్కడ దొరుకుతుందని నాకు గుబులు పట్టుకుంది. రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఒక్కోసారి ఎత్తేవాడే కాదు. ఎత్తినా గసపోస్తూ, "తేలలే సారూ, పది రోజులు ఆగుండ్రి" అని పెట్టేసేవాడు. వెనకాల ఎవరో దగ్గుతున్నట్టు వినిపించేది. షెడ్డు పక్కన ఎవరో అనుకున్నాను.

ఏప్రిల్ ఇరవైన నేనే ఆటో మాట్లాడుకుని ఖటోదరాకు వెళ్లాను. షెడ్డు తీసే ఉంది. కారు లేదు.

పదిహేను నిమిషాలకు గల్లీ మలుపులోంచి నా మారుతీ వచ్చింది. బయటంతా బూడిదరంగు ప్రైమర్. నడుపుతున్నది సోమలింగం. తల నుంచి కాళ్లదాకా ప్లాస్టిక్ కోటు, మొహానికి రంగు కొట్టేటప్పుడు వేసుకునే రెండు గొట్టాల పెద్ద మాస్కు. నేను కారు దగ్గరికి నడిచాను.

"సారూ! దగ్గరికి రావద్దు! ఆడ్నే ఉండుండ్రి!" అని అరిచాడు.

"నా బండి కాడికి నేను రావద్దా?"

"జర ఆగుండ్రి సారూ. కడుగుత."

"ఎక్కడికి పోయొచ్చినవ్?"

ఆయన కారు దిగి తలుపు మూశాడు. తర్వాత, "టెస్టింగ్‌కు" అన్నాడు.

"రంగెయ్యని బండికి టెస్టింగ్ ఏంది?"

దూరం నుంచే లోపలికి చూశాను. ముందు సీట్లకు, వెనక సీటుకు మధ్య ప్లాస్టిక్ పరదా టేపుతో అంటించి ఉంది. వెనక సీటు మీద కూడా ప్లాస్టిక్ పరిచి ఉంది. బ్లీచింగ్ వాసన గుప్పుమంది. నాకు ఒకటే తోచింది. ఆటోలు దొరకని రోజుల్లో నా కారును కిరాయికి తిప్పుతున్నాడు.

"ఎన్ని రోజుల సంది తిప్పుతున్నవ్ కిరాయికి?"

"కిరాయికి కాదు సారూ."

"మరి దేనికి? తేలలే తేలలే అని నాకు ఫోన్ల చెప్పుకుంట, నా బండి మీద సంపాదిస్తున్నవా? నీ పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన మనిషిని. నా మొహం మీద ఆడుతున్నవు గదనే! ప్రైమరూ లేదు, పాడూ లేదు. దొంగవు నువ్వు!"

ఎనిమిది షెడ్లవాళ్లూ బయటికొచ్చి చూస్తున్నారు. సోమలింగం మాస్కు తియ్యలేదు. ఆ గొట్టాల వెనక ఆయన మొహం ఎలా ఉందో నాకు కనబడలేదు.

"ఇంకో పది రోజులు ఉంచుండ్రి సారూ" అన్నాడు మెల్లగా.

"గంట గూడ ఉంచ. తాళం ఇయ్యి."

ఆయన పరదా ఊడదీశాడు. కారు లోపల, బయట రెండుసార్లు కడిగాడు. నాలుగు తలుపులూ తెరిచి రెండు గంటలు ఎండలో పెట్టాడు. నేను చేతులు కట్టుకుని అవతల నిలబడ్డాను. చివరికి తాళం చెవిని కూడా సబ్బునీళ్లలో కడిగి, గోడ మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"అద్దాలు దించి నడుపుండ్రి. ఇంటికి పోయినంక రెండు రోజులు ఎవ్వలు ముట్టొద్దు సారూ. ప్రైమర్ పచ్చిగ ఉన్నది."

గోటితో గీకి చూశాను. రాయిలా ఎండి ఉంది. ఇంకా నన్ను ఏమారుస్తున్నాడని ఒళ్లు మండింది. కారెక్కి వచ్చేశాను.

కారును ఉధనాలో మా వాకిట్లో పెట్టి కవరు కప్పాను. దేవుడి దయవల్ల పద్మారాణికి ఏమీ కాలేదు. కారు అవసరమే పడలేదు. వారానికోసారి ఇంజిన్ తిప్పి ఆపేవాణ్ణి. రెండు నెలలు అది అక్కడే ఉంది. ఈలోగా నేను చేసిన పని ఇంకొకటి ఉంది. ఫోన్ చేసిన ప్రతివాడికీ సోమలింగం దొంగతనం కథ చెప్పాను. నవ్విస్తూ చెప్పాను. పిల్లల ముందు పాఠం చెప్పిన అలవాటు కదా, గొంతు మార్చి, "ఇంక తేలలే సారూ" అని ఆయనలా అనుకరించి మరీ చెప్పాను. అందరూ బాగా నవ్వారు.

జూన్ మూడో వారంలో ఒక ముసలామె మా గేటు ముందు నిలబడింది. పేరు వెంకటవ్వ. పర్వత్ పాటియాలో దారం కండెలు చుట్టే ఆమె. చేతిలో డబ్బా.

"బండి సారు ఇల్లు గిదేనా?"

"ఏ బండి సారు అవ్వా?" అంది పద్మారాణి.

ముసలామె వాకిట్లో కవరు కింద నుంచి కనబడుతున్న బూడిదరంగు బంపరు చూసింది. వెళ్లి దాని మీద చెయ్యి పెట్టింది. "గిదే బండి" అంది. డబ్బా పద్మారాణి చేతిలో పెట్టి నావైపు తిరిగింది.

"సర్వపిండి తెచ్చిన సారూ. ఇంకేం తేగలుగుత. మీరు బండి ఇయ్యకపోతే నేను గీడ నిలబడి మాట్లాడుదునా?"

"నేనా?"

"మీరే గద. సోమలింగం చెప్పిండు. మా గల్లీలకు అంబులెన్సు రాదు సారూ, ఇరుకు. ఫోన్ జేస్తె వస్తమంటరు, రారు. ఆటోలోడు దగ్గు ఇంటె ఉరుకుతడు. సోమలింగమేమో గీ బండేసుకొని ఇంటి ముందటికే వచ్చె. ఎవలది బండి అంటె, మా సారు ఇచ్చిండు అనె. గల్లీ గల్లీల గదే మాట చెప్పిండు. మా సారు దేవునసొంటోడు, అడగంగనే తాళం చెవి ఇచ్చిండు అని."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

వెంకటవ్వ నవ్వుతోంది. "ఆయన మొకానికి ఆ గొట్టాలేంది సారూ! జొరంల కండ్లు తెరిచి జూస్తె, యముడే వచ్చిండనుకున్న. నేను రాను, నాకింక కండెలున్నయి చుట్టేటియి అని ఏడ్చిన. గాయన గొట్టాల్లోకెళ్లి ఏమంటున్నడో సమజ్ గాలే. ఎత్తుకపోయి బండిల ఏసిండు."

"ఎంతమందిని తీస్కపోయిండవ్వా?" పద్మారాణి అడిగింది.

"మా గల్లీలనే తొమ్మిది మందిమి. మొత్తం ఇరవై దాటిండ్రంటరు. ఎవ్వల కాడ రూపాయి తీసుకోలే." కొంచెం ఆగి అంది. "మీ ఇంట్ల అవుసరం పడి బండి పోయినంక జర తిప్పలైంది సారూ. తప్పు బట్టుకోవద్దు, మీ బండి మీ ఇష్టం. మా పక్కింటి రాజనర్సు, పొద్దుగాల సంది మిట్టపగటి దాక వాకిట్ల మంచం మీదనే ఉన్నడు. సోమలింగం ఊరంత ఉరికిండు బండి కోసం. ఆఖరికి చీరె మూటల టెంపో దొరికె. బతికిండు తియ్యి. కని దమ్ము మునుపటి లెక్క లేదు. మగ్గం బందు వెట్టిండు."

వెంకటవ్వను పద్మారాణి గేటు దాకా సాగనంపింది. డబ్బా లోపల పెట్టి వచ్చి, కారు తాళం తెచ్చి నా పక్కన మెట్టు మీద పెట్టింది.

సోమలింగం షెడ్డులో ఒక జీపు తలుపు ముందు స్టూల్ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"సారూ, మేడమ్ మంచిగున్నదా?"

"మంచిగున్నది. సోమలింగం, ఆనాడు నేను నిన్ను..."

"బండి తెచ్చిండ్రా? మంచిపని చేసిండ్రు. ఫ్లోరు జూసిండ్రా?" అంటూ గబగబా వెళ్లి తలుపు తీసి, కాళ్ల కింది మ్యాటు ఎత్తాడు. నేల రేకు మీద, తలుపుల లోపల, సీట్ల కింద, ఎక్కడ చూసినా అదే బూడిదరంగు పూత. కారు లోపల నేలకు ఎవరూ రంగు మార్చరు. "రోజుకు నాలుగు సార్లు బ్లీచింగ్ నీళ్లు కొడితె ఉత్త రేకు ఆగుతదా సారూ? నెలల జల్లెడైతది. గందుకే లోపట గూడ గీకి ఇపాక్సీ కొట్టిన. ఒక్క పూటల తేలింది. నా జిందగీల ఒక్క పూటల తేలింది గిదొక్కటే." గర్వంగా నవ్వాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

సోమలింగం మ్యాటు మళ్లీ జాగ్రత్తగా పరిచాడు.

"చెప్తె మీరు ఇస్తుంటిరి సారూ. నాకు తెల్వదా? కని ఇచ్చినంక ఇంట్ల కూసొని భయపడుతుంటిరి. మేడమ్‌కు దమ్ము బీమారి. ఆ బండిల ఎవలెవలు ఎక్కిండ్రో తెలిస్తె మీకు నిద్ర పట్టకపోవు. తెల్వకుంటెనే మంచిదనుకున్న. పని అయినంక మంచిగ కడిగి, రంగేసి ఇద్దమనుకున్న."

చెప్తే ఇచ్చేవాణ్ణని ఆయన అనుకున్నాడు. ఇచ్చేవాణ్ణి కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన ముందు నిలబడి అది చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. "అందరి ముందట దొంగ అన్న" అన్నాను అతి కష్టం మీద.

"మాస్కుల సరిగ ఇనబడలే సారూ" అన్నాడు సోమలింగం. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన ఎడమ చెవి గోక్కుంటాడు. అప్పుడూ గోక్కున్నాడు. "రాజనర్సుకు ఆలస్యమైందని మీరు మనసుల పెట్టుకోకుండ్రి. ఎవ్వలకు తెలుసు. డాక్టరే చెప్పలేకపోయిండు."

నేనేమీ అడగకముందే ఆయన ఆ మాటన్నాడు. రెండు నెలలుగా ఆయన మనసులోనూ అదే తిరుగుతోందని అర్థమైంది.

"బండి నీ కాడనే పెట్టుకో" అన్నాను.

"నేనేం జేసుకుంట? ఇపాక్సీ ఎండల ఎక్కువ రోజులు ఉండొద్దు సారూ, పొడి పొడి రాలుతది. మల్ల ఒకసారి గరుకు కాగితం పట్టి కొట్టాలె. ఏం రంగు?"

"నీ ఇష్టం."

"రంగు మీ ఇష్టమనే చెప్తి గద."

నీలం అన్నాను. ఎలాగూ దీపావళి దాటుతుందనుకుని ఇంటికొచ్చాను. ఆ మర్నాటి నుంచి, నేను దొంగ కథ చెప్పిన ప్రతివాడికీ నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఈసారి గొంతు మార్చలేదు. దొంగ కథ విని నవ్వినవాళ్లలో కొందరు ఈ కథ విని "అట్లనా" అని పెట్టేశారు. మొదటి కథ చెప్పినంత సులువుగా రెండోది ఎవరికీ ఎక్కలేదు. అది నాకు దక్కాల్సిన శిక్షే.

అయిదో రోజున ఫోన్ మోగింది.

"తేలింది సారూ. వచ్చి తీస్కపోండ్రి."

నమ్మకం కలగలేదు. వానలు మొదలయ్యాయి, పైగా సోమలింగం. వెళ్లి చూస్తే కారు నిజంగానే నీలంగా మెరుస్తోంది. ఎనిమిది షెడ్లవాళ్లూ వింతగా చూస్తున్నారు. నేను చుట్టూ తిరిగి చూసి, కొంచెం నిష్టూరంగానే అడిగాను.

"నాలుగు రోజుల్ల ఎట్ల అయింది?"

"తొందర ఉండె సారూ. మంగళవారం మంగళవారం రాజనర్సును దవఖానకు తీస్కపోవాలె, ఊపిరితిత్తుల పరీక్షకు. మూడు నెలలు పోవాలన్నరు. రేపే మొదలు."

"నువ్వు తీస్కపోతవా?"

"నాకు జీపు తలుపు ఉన్నది గద, అది ఇంక తేలలే. డ్రైవర్ మీరే. నేను రాజనర్సుకు చెప్పిన గూడ. మా సారే స్వయంగ వస్తనన్నడని."

నేను అననే లేదు. కానీ ఈసారి ఆయన చెప్పిన మాటను నిజం చేసే వీలు నా చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే పర్వత్ పాటియాకు వెళ్లాను. జీపు తలుపును వదిలి తోడుగా సోమలింగం కూడా వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. రాజనర్సు నలభై ఏళ్ల మనిషి. గుమ్మం నుంచి కారు దాకా రావడానికి రెండుచోట్ల ఆగాడు. వెనక సీట్లో కూర్చుని ఊపిరి తీసుకున్నాక, "దండం సారూ" అన్నాడు.

రింగురోడ్డు ఎక్కాం. చెప్పాల్సిన మాటలు రాత్రంతా కూడబెట్టుకున్నాను. ఇక ఉండబట్టలేక అద్దంలోంచి ఆయన మొహం చూస్తూ మొదలుపెట్టాను.

"రాజనర్సూ, ఆనాడు బండి నేనే..."

"సారూ! సారూ! ఆవు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

సడెన్‌గా బ్రేకు తొక్కాను. ఆవు మావైపు ఒకసారి చూసి, తీరిగ్గా డివైడర్ దాటింది. సోమలింగం గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, నా గురించి కాదు, బంపరు గురించి. వెనక నుంచి రాజనర్సు నవ్వు వినిపించింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు.

"ఏమన్న ఉంటె తర్వాత మాట్లాడుకుందం సారూ" అన్నాడు. "ముందైతె ముందట జూసి నడుపుండ్రి."